చిన్నత్త వాటా

మా ఇంట్లో చిన్నత్త మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అనేవారు, "దాని పుట్టుకే అంత" అని. పెళ్ళెందుకు చేసుకోలేదు? పుట్టుకే అంత. చీర కుచ్చిళ్ళు ఎగదోపి సైకిలెక్కి బీచ్ రోడ్డు మీద ఒక్కతీ ఎందుకు తిరిగింది? పుట్టుకే అంత. ఆఖరికి సొంత అన్నదమ్ముల్ని ఇంట్లో వాటా అడిగినప్పుడు కూడా అదే మాట. కాకపోతే ఈసారి అన్న గొంతులు వేరు.

నాకిప్పుడు అరవై దాటాయి. ఆవిణ్ణి దగ్గరగా చూసినవాళ్ళు ఇక ఎక్కువమంది లేరు. రాసి పెడదామని కూర్చుంటే, ఆవిడ కథలో చాలా భాగం ఆవిడ ఒక్కదానిది కాదనిపించింది. కొంత విశాఖపట్నానిది, కొంత దుర్గాబాయమ్మది, కొంత అసెంబ్లీలో పాసైన ఒక చట్టానిది. చట్టం అనగానే పేజీ తిప్పేయకండి. మీ పుట్టింటి సంగతి కూడా అందులోనే ఉంది.

తాతయ్య వాళ్ళ ఇల్లు వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ దగ్గర. తాతయ్య కట్టించింది కాదు, వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తరవాత దీంతో పని ఉంది. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మన రేవులోకి వచ్చింది. అదే మొదటి ఓడ. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి రేవును ప్రారంభించాడు. దానికి రెండేళ్ళ ముందే రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజమంతా ఈ దారినే సముద్రానికి రావాలని వాళ్ళ ఆలోచన. ఆ ఖనిజం లెక్కలు రాసే గుమాస్తాల్లో మా తాతయ్య ఒకడు. చిన్నత్త 1932లో పుట్టింది. "నేను పోర్టుకంటే ఏడాది పెద్దదాన్ని. అది నన్ను అక్కా అనాలి" అనేది.

పెద్దత్త ఆవిడకంటే అయిదేళ్ళు పెద్ద. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని శారదా చట్టం 1930 నుంచి అమల్లో ఉంది కదా. తాతయ్య రూలు మీరే మనిషి కాదు. పెద్దత్తకు సరిగ్గా పద్నాలుగు నిండిన ఏడాదే, 1941లో, పెళ్ళి చేసి పంపేశాడు. అదే లెక్కన చిన్నత్త వంతు 1946లో రావాలి. మధ్యలో యుద్ధం వచ్చింది.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అంతకు ముందు రోజే కొలంబో మీద వేశాయి. బాంబులు పడినవి కొన్నే కానీ, ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. దొరికిన బండి ఎక్కి దొరికిన పల్లెకు పోయారు జనం. మావాళ్ళు మామ్మ పుట్టిల్లు శృంగవరపుకోట వైపు వెళ్ళారు. ఆనాటి బాంబు ఒకటి ఇప్పటికీ బీచ్ రోడ్డులో మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు చూసే ఉంటారు. మగపిల్లలకు ఆ బాంబు వల్ల పోయింది ఒక సంవత్సరం చదువు. చిన్నత్తకు మొత్తం బడే పోయింది. తిరిగొచ్చేసరికి పదకొండో ఏడు. "గుంట ఎదిగిపోయింది, ఇంక బడేటి" అంది మామ్మ. అంతే.

సంబంధాలు చూడటం మొదలయ్యాక ఒకటి కట్నం దగ్గర తప్పిపోయింది, ఒకటి పిల్లాడి జబ్బుతో ఆగింది. ఈలోగా చిన్నత్త చేతికి 'ఆంధ్ర మహిళ' పత్రిక దొరికింది. దుర్గాబాయమ్మ నడిపిన పత్రిక. అందులోంచే ఆవిడకు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఉందనీ, బడి మానేసిన ఆడపిల్లలకు అక్కడ చదువు చెప్పి బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చోబెడతారనీ తెలిసింది.

దుర్గాబాయమ్మ అనగానే అందరూ కాకినాడ కాంగ్రెసు ప్రదర్శనలో నెహ్రూని టికెట్ అడిగిన కథ చెబుతారు. అది మీకు తెలిసిందే కాబట్టి నేను చెప్పను. చిన్నత్త మాకు పదే పదే చెప్పింది వేరే కథ. అది మన వాల్తేరులో జరిగింది.

దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. పదిహేనో ఏట, పెళ్ళంటే ఏమిటో అర్థమయ్యాక, కాపురానికి వెళ్ళనని చెప్పింది. తండ్రీ సోదరుడూ ఆ మాట మన్నించారు. తరవాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. వెల్లూరు, మదురై జైళ్ళలో ఉండి ఆరోగ్యం పాడు చేసుకుని బయటికొచ్చాక, చిన్నపిల్లల్లా కూర్చుని మెట్రిక్ చదివింది. అది కూడా బెనారస్‌దే. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదవాలని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారి దగ్గరకు వెళ్తే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటెలా ఇస్తాను అన్నారాయన. మనమైతే ఏం చేస్తాం? ఇంటికొచ్చి బాధపడతాం. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించింది. హాస్టల్ లేదన్న కారణంతో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే నాకు రాయండి అని. ఉత్తరాలు వచ్చాయి. ఓ పదిమంది పోగయ్యారు. వాళ్ళే ఒక వసతి చూసుకుని హాస్టల్ పెట్టేసుకున్నారు. రెడ్డిగారికి ఇంక కాదనడానికి ఏమీ మిగల్లేదు. 1939లో ఆవిడ అక్కణ్ణుంచి డిగ్రీ పుచ్చుకుని బయటికొచ్చింది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది.

"హాస్టల్ లేదంటే సీటు లేదనుకుంటాం. ఆవిడకి మాత్రం హాస్టల్ లేదంటే హాస్టల్ లేదనే వినిపించింది" అనేది చిన్నత్త. నేను చదివిన ఏ జీవిత చరిత్రలోనూ దుర్గాబాయమ్మ గురించి ఇంత సూటిగా చెప్పిన మాట కనబడలేదు.

1950లో మూడో సంబంధం ఖాయమవబోతుంటే చిన్నత్త తాతయ్యకు ఒక కాగితం ఇచ్చింది. నోటితో చెప్పలేదు. గుమాస్తా కూతురు కదా, అర్జీ రాసింది. రెండేళ్ళు మద్రాసులో చదువుకుంటాను, మెట్రిక్ తప్పితే వచ్చి మీరు చెప్పినవాణ్ణి చేసుకుంటాను అని. తాతయ్య మూడు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగాడట. నాలుగో రోజు వాల్తేరు స్టేషన్లో మద్రాసు మెయిల్ ఎక్కించాడు. మామ్మ ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

మెట్రిక్ తప్పలేదు. 1953లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది. ఇప్పటి పిల్లలకు ఆ ఉద్యోగం ఏమిటో చెప్పినా అర్థం కాదు. ఫోనెత్తితే నంబరు నొక్కడం కాదు, ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరు పలికేది. నంబరు చెబితే ఎదురుగా బోర్డు మీద ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులోకి తీగ గుచ్చి కలిపేది. పై ఊరికైతే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు గంటలు కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి టైమయిందని చెప్పేది. చిన్నత్త ఇంట్లో కూడా అలాగే చేసేది. నాన్నా పెదనాన్నా వాదించుకుంటుంటే వంటింట్లోంచి "త్రీ మినిట్స్ ఓవర్" అని అరిచేది.

సైకిలు కొన్నది రెండేళ్ళ జీతం కూడబెట్టి. మ్యాట్నీకి ఒక్కతే వెళ్ళేది. ఒక టికెట్ కొనుక్కుని ఒక కుర్చీలో కూర్చోవడానికి ఇంకొకరు తోడెందుకు అనేది. మా అందరికీ ఆవిడంటే పిచ్చి. డబ్బాలో బెల్లం మిఠాయి, చెప్పులు విప్పేసి సముద్రంలో మోకాళ్ళ దాకా నడవడం, ఇంట్లో చెప్పకూడని కబుర్లు, అన్నీ ఆవిడ దగ్గరే. నీకంత ధైర్యం ఎలా వచ్చిందత్తా అని ఒకసారి అడిగాను. "ధైర్యమేటే. ఒకటో తారీకున జీతం వచ్చీది" అంది, చేపల పులుసు కలుపుతూ.

పెళ్ళి మాట ఇంట్లో ముప్ఫై అయిదేళ్ళ దాకా నడిచి ఆగిపోయింది. ఆవిడ కారణం ఎప్పుడూ ఒక్కముక్కలో చెప్పలేదు. కానీ 1979లో ఒక పేపరు కటింగు దాచుకుంది. విదేశాంగ శాఖలో పనిచేసే ముత్తమ్మ అనే ఆవిడ సుప్రీంకోర్టుకెక్కిన కేసు. ఆ శాఖలో ఆడవాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలి, పెళ్ళైంది కాబట్టి ఉద్యోగం ఇవ్వం అని కూడా అనొచ్చు అని రూళ్ళుండేవి. మగవాళ్ళకు అలాంటివేం లేవు. జస్టిస్ కృష్ణయ్యర్ గారు గట్టిగా తలంటారు. ఆ కటింగు చిన్నత్త చనిపోయాక పెట్టెలో దొరికింది, నాలుగు మడతలు పెట్టి.

ఊళ్ళో జరిగిన పెద్ద సంగతులన్నీ ముందు ఆవిడ చెవిలో పడేవి. 1966లో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు గారు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు, నవంబరు 1న కాల్పులు జరిగి మనుషులు పోయినప్పుడు, ఆ రోజుల్లో ఎక్స్ఛేంజిలో ఊపిరి తీసుకోవడానికి తీరికలేదట. 1971 డిసెంబరులో ఘాజీ జలాంతర్గామి మన రేవు బయట మునిగిన రాత్రి నాకు తొమ్మిదేళ్ళు. కిటికీలు గలగలమన్నాయి, దీపాలు లేవు, మామ్మ మమ్మల్ని మంచాల కిందికి తోసేసింది. చిన్నత్త తెల్లారి డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి పడుకుంది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో, ఏం మాట్లాడుకున్నారో, ఎన్నేళ్ళు బతిమాలినా చెప్పలేదు. డెబ్బైల చివర ఎల్‌టీసీ మీద మామ్మను కాశీ తీసుకెళ్ళింది. ముగ్గురు కొడుకులుండగా కూతురి ఉద్యోగం మీద కాశీ చూశానని మామ్మ పోయేదాకా చెప్పుకుంది, కొడుకులు వినేలా.

ఇప్పుడు చట్టం. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చిందనీ, అప్పటి నుంచి ఆడపిల్లలకు సమాన హక్కు ఉందనీ చాలామంది అనుకుంటారు. అంత సుళువుగా రాలేదు. హిందూ కోడ్ బిల్లు కోసం దుర్గాబాయి లాంటివాళ్ళు రాజ్యాంగ సభలో మాట్లాడారు. ఆ బిల్లు ఆగిపోయిందనే కోపం కూడా కలిసి 1951లో అంబేద్కర్ మంత్రి పదవి వదిలేశారు. చివరికి 1956లో ముక్కలుగా వచ్చిన చట్టంలో, తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా ఇచ్చారు కానీ, తాతముత్తాతల ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా మాత్రం మగపిల్లలకే ఉంచేశారు.

మా ఇంటి లెక్కే చెబుతాను. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. మామ్మ 1983లో పోయింది. ఇంటిని ఇరవై ముక్కలనుకోండి. ముందు తాతయ్యకూ ముగ్గురు కొడుకులకూ అయిదేసి. తాతయ్య విల్లు రాయకుండా పోతే ఆయన అయిదూ అయిదుగురికి ఒక్కోటి. అంటే కొడుక్కి ఆరు, కూతురికి ఒకటి. ఆ ఒక్క ముక్కయినా ఇల్లు అయితే, మగపిల్లలు పంచుకుందామనుకునేదాకా ఆడపిల్ల విడదీయమని అడగడానికి లేదు. పెళ్ళికాని కూతురూ, విధవరాలూ, మొగుడు వదిలేసినదీ అయితే అందులో ఉండటానికి మాత్రం హక్కు. అది 1956 సమానత్వం.

ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని మార్చింది. 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినట్టు పెట్టారు. ఉమ్మడి కుటుంబంలో కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతోనే వాటాదారు అంది ఆ చట్టం. కేరళ అప్పటికే ఉమ్మడి కుటుంబాన్నే ఎత్తేసింది, అది వేరే దారి. కూతురిని పుట్టుకతో వాటాదారుగా నిలబెట్టిన మొదటి రాష్ట్రం మాత్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో చేశాయి. అయితే మన చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్ళైపోయిన కూతుళ్ళకు ఇది వర్తించదు. కట్నం ఇచ్చి పంపేశాం కదా అన్న లెక్క.

ఇప్పుడు మా ఇంట్లో ఆడవాళ్ళను వరసగా నిలబెట్టండి. పెద్దత్తకు 1941లో పెళ్ళి, లేదు. అమ్మకు వాళ్ళ పుట్టింట్లో లేదు. నా పెళ్ళి 1983లో, రెండేళ్ళ తేడాతో పోయింది. మా చెల్లి పెళ్ళి 1987లో, దానికి ఉంది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిన్న ఇద్దరం, ముహూర్తాల తేడాతో ఒకరం వాటాదారు, ఒకరం చుట్టం. ఇంకా యాభై మూడేళ్ళ చిన్నత్త ఉంది. అవివాహిత. ఇన్నాళ్ళూ ఏ మాట అని ఆవిణ్ణి పొడిచారో, సరిగ్గా ఆ మాట వల్లే చట్టం ఆవిడకు వాటా ఇచ్చింది.

1987 వేసవిలో ఆవిడ అడిగింది. ఈసారి కూడా కాగితం మీదే. తాతయ్యకు ఎనభై దాటాయి. పెదనాన్న ఆ కాగితం చదివి విసిరేశాడు. బాబాయి నవ్వాడు. ఎక్కువ మాట్లాడింది మా నాన్నే. తినడానికి నీకెవరున్నారు, ఎవరికోసం నీకు వాటా, ఇంత చదివించింది ఇందుకేనా, అన్నీ అన్నాడు. చివరికి "అసలు నీ పుట్టుకే అంత" అన్నాడు.

"అవునన్నయ్యా," అంది చిన్నత్త, "చట్టం కూడా అదే అంటోంది. పుట్టుకే అని."

నేను అప్పుడు వేసవికి పుట్టింట్లోనే ఉన్నాను. ఎవరూ భోజనాలకు లేవలేదు. రాత్రి పెరట్లో గిన్నెలు తోముతూ అమ్మ నన్ను అడిగింది, పెళ్ళైనవాళ్ళకు లేదా అని. లేదమ్మా అన్నాను. అమ్మకీ ముగ్గురు అన్నదమ్ములే, తాతల నాటి కొబ్బరితోట. ఇంకేం అడగలేదు. బూడిద ఇంకాస్త వేసి తోమింది.

ఆ సంక్రాంతికి చిన్నత్త మా గడప తొక్కలేదు. అమ్మ నా చేత అరిసెలు పంపింది, నాన్నకు తెలియకుండా. పేచీ తెంచింది తాతయ్య. చట్టం ప్రతి ఎవరి చేతో తెప్పించుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని రెండు రోజులు చదివి, "రూలుంది. రాయండి" అన్నాడు. శారదా చట్టానికి కట్టుబడి ఒక కూతురికి పద్నాలుగో ఏట పెళ్ళి చేసినవాడు, ఇంకో చట్టానికి కట్టుబడి ఇంకో కూతురికి యాభై ఆరో ఏట వాటా ఇచ్చాడు. ఆయన్ని మంచివాడనాలో ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. 1988లో అయిదు వాటాల దస్తావేజు రిజిస్టరయింది. తాతయ్యకొకటి, కొడుకులకు మూడు, చిన్నత్తకొకటి. వెనక రెండు గదులూ నూతి చప్టా ఆవిడకు వచ్చాయి.

ఆ గదుల్లో ఆవిడ ఒక్కరోజు కూడా ఉండలేదు. మహారాణిపేటలో అద్దె ఇంట్లోనే ఉంది. పెద్దత్త విధవరాలై అప్పటికి తొమ్మిదేళ్ళు. కొడుకుల ఇళ్ళ మధ్య నెలల లెక్కన, సంచీ ఒకటి చేత్తో పట్టుకుని తిరుగుతుండేది. దస్తావేజు అయిన వారానికే చిన్నత్త రిక్షాలో వెళ్ళి అక్కను సంచీతో సహా తీసుకొచ్చి ఆ గదుల్లో దింపింది. పెద్దత్త పదిహేనేళ్ళు అక్కడే సొంతంగా వండుకు తింది. 2003లో అక్కడే పోయింది.

1990లో చిన్నత్త రిటైరయింది. మేము అప్పటికి ఉక్కునగరంలో ఉన్నాం, మా ఆయన స్టీలు ప్లాంటు ఉద్యోగి. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు మొదలైందీ ఆ ఏడాదే. దాని పేరు గోదావరి. తరవాత కృష్ణ, ఇంకా తరవాత అన్నపూర్ణ. "ఇనుము కరిగించడానికి ఆడపేర్లు బాగానే దొరికాయి వీళ్ళకి" అని నవ్వేది, బస్సు దిగి మా క్వార్టరుకు నడిచొస్తూ. పెన్షను పుస్తకం చూడటం రాని ఆడవాళ్ళు కాలనీలో ఎంతమంది ఉంటే అంతమందికీ ఫారాలు నింపి పెట్టేది. నింపాక, సంతకం దగ్గర మాత్రం వేలు పెట్టి చూపించి, "ఇది నువ్వే" అనేది.

2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా కూతుళ్ళకు కొడుకులతో సమానంగా పుట్టుకతో వాటా వచ్చింది. పెళ్ళైనవాళ్ళు కానివాళ్ళు అన్న తేడా పోయింది. ఇల్లు విడదీయమని అడగకూడదన్న సెక్షనూ పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే పంచేసుకున్న ఆస్తులు మళ్ళీ తెరవడానికి లేదు. కాబట్టి మా ఇల్లు అలాగే ఉంది. అమ్మ పుట్టింటి కొబ్బరితోట కూడా ఎప్పుడో పంచేశారు.

చిన్నత్త 2013లో, ఎనభై ఒకటో ఏట పోయింది. ఆఖరి నెల దాకా పేపరు చదివింది. విల్లు ముందే రాసి పెట్టింది. సైకిలు ఎప్పుడో అమ్మేసింది, నగలంటూ పెద్దగా లేవు. వెనక రెండు గదులూ నూతి చప్టా పెద్దత్త మనవరాలి పేరున రాసింది, అన్నదమ్ముల పిల్లలెవరికీ కాదు. ఆ పిల్ల ఇప్పుడు వాటిని అద్దెకిచ్చింది. అద్దె నెలనెలా దాని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. దాని పెళ్ళి పోయినేడాది అయింది.